రెండడుగులు వెనక్కి

అలాంజో టీగ్ పై పళ్లు సోమవారం పీకేస్తానని డాక్టరు చెప్పాడు. ఒకటీ రెండూ కాదు, ముందువరస మొత్తం. చిగుళ్లు పాడైపోయాయనీ, ఇంకా నాన్చితే దవడ ఎముక దాకా పోతుందనీ ముప్పై అయిదో వీధిలోని ఆ పళ్ల డాక్టరు చాలా మర్యాదగా, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాడు. క్లారినెట్ ఊదేవాడికి పై పళ్లు తీసేస్తామని చెప్పడమూ, వడ్రంగికి బొటనవేళ్లు తీసేస్తామని చెప్పడమూ ఒకటే. ఆ సంగతి డాక్టరుకూ తెలుసు.

"కట్టుడు పళ్లు పెట్టుకుంటే మళ్లీ వాయించొచ్చా?" అని అడిగాడు అలాంజో.

"రొట్టె తినొచ్చు" అన్నాడు డాక్టరు.

ఆ మధ్యలో ఒక శుక్రవారం ఉంది. ఆ శుక్రవారం ఒక రికార్డింగు ఉంది. అదే ఆఖరిది. దాని గురించి అలాంజో గుండెలు బాదుకోలేదు. యాభై ఒక్క ఏళ్ల మనిషి, క్లారినెట్ పట్టిన మొదటి పదిహేనేళ్లు నాచెజ్ ఊరి నుంచి గుడారాల నాటకాల వెంట తిరిగాడు. తర్వాత షికాగో వచ్చి మూకీ సినిమాల హాల్లో తెర కింద గుంటలో కూర్చుని, తెరమీద ఎవరు ఏడిస్తే వాళ్ల కోసం ఊదాడు. ఆరేళ్ల కిందట రికార్డు కంపెనీలకు ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది, నల్లవాళ్లు కూడా రికార్డులు కొంటారని. అప్పటినుంచీ ఆ పనిలో పడ్డాడు. ఈ ఆరేళ్లలో దాదాపు రెండు వందల పాటల వెనక ఊదాడు. అలిసిపోయాడు. పళ్లు పోతాయంటే, కాస్త విశ్రాంతి దొరుకుతుందని కూడా ఒక మూల అనిపించింది.

కాకపోతే ఒక్కటే కొరత. ఆ రెండు వందల రికార్డుల్లో ఒక్కదానిమీద కూడా అతని పేరు లేదు. పైన, పాడిన అమ్మాయి పేరు పెద్ద అక్షరాల్లో, దాని కింద పాట పేరు, అడుగున చీమల బారులాగా 'పియానో, క్లారినెట్‌తో' అని ఉంటుంది. క్లారినెట్ దానంతటదే మోగినట్టు! బృందంతో వాయిస్తే ఇంకా విచిత్రం. అదే నలుగురు మంగళవారం 'డిక్సీ గుడ్లగూబలు', గురువారం 'జార్జియా బొగ్గుగనివాళ్లు'. అలాంజో జార్జియాలో ఏనాడూ బొగ్గు చూడలేదు.

స్టేట్ స్ట్రీట్‌లో ఓథా క్రంప్ మంగలి షాపులో గ్రామఫోన్ ఒకటి ఉంది. శనివారం అక్కడ గడ్డం చేయించుకుంటూ జనం రికార్డులు వింటారు, తీర్పులు చెబుతారు. మంచి క్లారినెట్ వినిపిస్తే చాలు, అది సిల్వెస్టర్ బూన్‌దే అంటారు. బూన్ ఒక క్యాబరేలో తెల్లసూటు వేసుకుని వాయించే పెద్దమనిషి. ఒకసారి అలాంజో ఉండబట్టలేక, మొహంమీద సబ్బు నురగతోనే, "అది నేనే" అన్నాడు.

"ఔనౌను, పాడింది కూడా నువ్వే కదూ? గొంతు పోల్చుకున్నాలే" అన్నాడు ఓథా. షాపు షాపంతా విరగబడి నవ్వింది. అప్పటినుంచీ అతను అక్కడ నోరెత్తలేదు. తన ఊపిరిని తనెదుటే ఇంకొకడి పేరున పొగుడుతుంటే, మెడ చాచి గడ్డం గీయించుకుని వచ్చేవాడు. లోపల మాత్రం కాలేది.

లేబులుమీద పేరెక్కించడం ఎవరి వల్లా కాదు. అయితే పాడేవాళ్లకు ఒక అలవాటు ఉంది. వాద్యం వంతు వచ్చినప్పుడు కొందరు పాట మధ్యలోనే, "వాయించు, ఫలానా!" అని పేరు పెట్టి కేకేస్తారు. అది రికార్డులో పడిపోతుంది. ఇక దాన్ని ఎవడూ చెరపలేడు. అలాంజో పేరు మాత్రం ఎవరూ పిలవలేదు. ఆ అమ్మాయిలు చాలామంది ఆ ఉదయమే రైలు దిగి వచ్చేవాళ్లు, సాయంత్రం రైలుకు పోయేవాళ్లు. అతని పేరు వాళ్లకు తెలియదు. అడగడానికి అతనికి మొహమాటం. ఈ శుక్రవారం మాత్రం మొహమాటం చంపుకుని అడగాలనుకున్నాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

ఆ రోజు పాడవలసింది క్లెమెంటీన్ రస్క్. మేకన్ ఊరి పిల్ల, ముప్పై ఏళ్లుంటాయి. బొద్దుమనిషి, నోరు కూడా బొద్దుదే. ఆమె రికార్డులు నాలుగింటికి అలాంజోయే ఊదాడు. సామాన్లు మోసే లిఫ్టులో ఇద్దరూ పైకి వెళ్తుండగా గొంతు సవరించుకున్నాడు.

"క్లెమ్మీ, ఒక మాట."

"చెప్పన్నా. ఏంటా మొహం, పన్ను నొప్పా?"

"పన్ను కాదు, పళ్లు. సోమవారం పైవన్నీ పీకేస్తారంట."

లిఫ్టు ఒక అంతస్తు దాటింది. "అయ్యో, మరి ఎట్టా అన్నా?" అంది.

"ఎట్టా ఏముంది, ఇదే ఆఖరు. రెండో చరణం అయ్యాక నా వంతు వస్తుంది కదా... అప్పుడు నా పేరు ఒక్కసారి పిలుస్తావా?"

"ఓస్, ఇంతేనా! నాలుగు రికార్డులకి నా వెనకాల ఊదావు, ఎప్పుడన్నా నోరు తెరిచి అడిగావా? మూగెద్దులాగా వచ్చి మూగెద్దులాగా పోతావు. సగం పేరా, మొత్తం పేరా?"

"మొత్తం. ఈ ఊళ్లో అలాంజోలు చాలామంది ఉన్నారు."

"అట్టయితే మీ అమ్మ పెట్టింది, మీ నాన్న ఇచ్చింది రెండూ కలిపి పిలుస్తా. నువ్వు మాత్రం ఏడిపించేట్టు ఊదాలి, ముందే చెప్తున్నా."

రికార్డింగు గది అటకలాంటిది. చప్పుడు పోకుండా గోడలకు బరువైన కంబళ్లు కట్టారు. కిటికీ తెరవకూడదు. గోడలోంచి పెద్ద బాకా ఒకటి గదిలోకి చొచ్చుకుని ఉంటుంది. పాడినా ఊదినా దాని నోట్లోకే. గోడ అవతల ఒక మనిషి, ఒక యంత్రం, మందపాటి మైనం బిళ్ల. ఈ గదిలో చప్పుడు బాకాలోంచి పోయి ఆ మైనంమీద గీత అవుతుంది. పట్నంలో ఎక్కడో కరెంటు మైకులు వచ్చాయంటున్నారు కానీ, ఈ కంపెనీ దాకా ఇంకా రాలేదు.

కాబట్టి ఇక్కడ సంగీతమంతా అడుగుల్లోనే ఉంది. ఎవరు బాకాకి ఎంత దూరంలో నిలబడతారన్నదే లెక్క. ఆ లెక్క చూసేవాడు డైరెక్టరు హేవర్‌క్యాంప్. ఎర్రటి మెడ తెల్లవాడు, చేతిలో గడియారం, ఇంకో చేతిలో సుద్దముక్క. అలాంజో క్లారినెట్ గొంతు పదునెక్కువ. దగ్గరికొస్తే మైనంమీద సూది అదిరిపోతుంది. అందుకని మొదటి రోజునుంచీ హేవర్‌క్యాంప్ నోట అతని పేరు వచ్చిందంటే ఒకటే అర్థం. "టీగ్!" అంటే వెనక్కి జరగమని. సరిచూసుకునే వాయింపుల్లో రోజుకు పదిసార్లు "టీగ్!", అతను రెండడుగులు వెనక్కి. ఆరేళ్లు. ఆ గదిలో ఎవరూ అతన్ని వేరే పనికి పిలిచింది లేదు.

పియానో దగ్గర రూఫ్ గెయిన్స్ కూర్చున్నాడు. గుడారాల నాటినుంచీ అలాంజోకు తోడున్న మనిషి. పాట పేరు 'చల్లారిన పొయ్యి'. మొగుడు వెళ్లిపోయిన ఇంట్లో పొయ్యి వెలిగించ బుద్ధి కాని ఆడదాని పాట. సుద్దగీతమీద అలాంజో నిలబడ్డాడు. రికార్డింగు మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది.

క్లెమ్మీ బాగా పాడింది. మొదటి చరణం, రెండో చరణం. తర్వాత తల వెనక్కి వాల్చి, గదంతా దద్దరిల్లేట్టు, "అలాంజో టీగ్! వాయించు నాయనా!" అని కేకేసింది.

అతని కాళ్లు రెండడుగులు వెనక్కి వేశాయి.

అతను వేయలేదు, కాళ్లు వేశాయి. క్లారినెట్ నోట్లోనే ఉంది, వేళ్లు ఆడుతూనే ఉన్నాయి, స్వరం తప్పలేదు. తాళం నాలుగు చుట్లు తిరిగాక కింద చూసుకుంటే సుద్దగీత ముందెక్కడో ఉంది. ఇప్పుడు ముందుకొస్తే చప్పుడు ఉన్నట్టుండి ఉబ్బి మైనం పాడవుతుంది. ఉన్నచోటే నిలబడి మెడ ముందుకు సాచి, బాకాకేసి ఊదాడు, ఊదాడు, చెవులు గుయ్యిమనేదాకా ఊదాడు. వంతు అయిపోయింది. క్లెమ్మీ మూడో చరణం అందుకుంది. దీపం ఆరింది.

హేవర్‌క్యాంప్ గోడ అవతలినుంచి దూసుకొచ్చాడు. "ఏంటా అరుపు? సూది ఎగిరుంటే? ఈసారి కేకలేవీ వద్దు."

"పాట నాది, నోరు నాది" అంది క్లెమ్మీ.

"మైనం నాది" అన్నాడు హేవర్‌క్యాంప్.

రెండోసారి మొదలెట్టారు. పేరు లేదు. పిలుపు లేకపోయేసరికి కాళ్లకు పని లేకపోయింది, అలాంజో గీతమీదే నిలబడ్డాడు. ఎలాగూ పోయిందన్న నీరసం ఒకటి అతన్ని ఆవరించింది. ఇంక ఎవరికోసమూ వాయించనక్కర్లేదు. ఆ నీరసంలోంచే ఏదో వచ్చింది. ముందు అనుకున్నది కాదు, ఎప్పుడూ వాయించింది కాదు. నెమ్మదిగా, మాటల్లాగా, ఆ చల్లారిన పొయ్యి ముందు ఎవరో కూర్చుని ఉన్నట్టు. మధ్యలో పై పన్ను ఒకటి కటుక్కుమని కదిలి, నోట్లో ఉప్పగా నెత్తురు ఊరింది. అతను ఆగలేదు. ఆ నొప్పిని కూడా స్వరంలోకే వదిలాడు. రూఫ్ పియానో వాయిస్తూనే తల తిప్పి చూశాడు, ముప్పై ఏళ్ల స్నేహంలో ఎప్పుడూ అలా చూడలేదు. దీపం ఆరాక కూడా క్లెమ్మీ కదల్లేదు.

"అన్నా" అంది చివరికి, "ఇన్నాళ్లూ ఇది ఎక్కడ దాచావు?"

గోడ అవతలి మనిషి తల బయటపెట్టి రెండు బిళ్లలూ బాగానే వచ్చాయన్నాడు. ఫ్యాక్టరీకి పోయేది ఒకటే. రెండోది చెక్కేసి, నున్నగా చేసి, మళ్లీ వాడతారు. హేవర్‌క్యాంప్‌కు భోజనం వేళ అయింది. "ఏదైతేనేం, ఒకటి పంపు" అన్నాడు.

"అట్టా కాదు సార్, మా అన్నని అడగండి" అంది క్లెమ్మీ. "ఆయనకిది ఆఖరుది. ఒక్కసారన్నా అడగండి."

హేవర్‌క్యాంప్ గడియారం చూసుకున్నాడు. "సరే. టీగ్! మొదటిదా, రెండోదా?"

ఆ పిలుపుకి కూడా కాళ్లు వెనక్కే పోయాయి. "మొదటిది ఒకసారి వినొచ్చా సార్?" అన్నాడు అలాంజో.

"వింటే పోతుందిగా. కొత్తవాడివా ఏంటి?"

నిజమే. మెత్తటి మైనం, ఒకసారి సూది పెట్టి వింటే గీతలు చెదిరిపోతాయి, ఇక దేనికీ పనికిరాదు. ఆ గదిలో వాయించినవాళ్లెవరూ తాము వాయించింది విని ఎరగరు, ఆరువారాల తర్వాత అంగట్లో కొనుక్కుని వినడమే. వినకుండానే చెప్పాలి.

"రెండోది చెప్పు" అన్నాడు రూఫ్ మెల్లగా. "అలాంజో, నా మాట విను, రెండోది."

అలాంజోకూ తెలుసు. అతనికి మంగలి షాపు గుర్తొచ్చింది. మొహంమీద నురగ, చుట్టూ నవ్వులు గుర్తొచ్చాయి. రెండోది పంపితే ఏమవుతుంది? జనం నోరెళ్లబెట్టి వింటారు, విని, బూన్ అంటే బూనే అంటారు. తన జన్మలో అత్యుత్తమమైనది కూడా ఆ తెల్లసూటువాడి ఖాతాలో పడుతుంది. మొదటిదాంట్లో పేరుంది. పోయింది రెండడుగులే కదా, రెండడుగుల్లో ఏం మునిగిపోతుంది అనుకున్నాడు. అరడుగు జరిగితే ఏమవుతుందో ఆరేళ్లుగా నేర్చుకున్న మనిషి అలా అనుకున్నాడంటే, తనకు తనే అబద్ధం చెప్పుకున్నాడన్నమాట.

"మొదటిది" అన్నాడు.

రూఫ్ పియానో మూత వేశాడు. క్లెమ్మీ కిందికి చూసింది. అలాంజో క్లారినెట్ ముక్కలు విప్పి, నెత్తురు తుడిచి, పెట్టెలో సర్దుకునేసరికి, గోడ అవతల చెక్కే యంత్రం చప్పుడు మొదలైంది. తలుపు సందులోంచి కనిపించింది. గోధుమరంగు మైనం చుట్టలు చుట్టలుగా లేచి నేలమీద పడుతోంది. చూడకుండా పోదామనుకున్నాడు కానీ, అయిపోయేదాకా నిలబడి చూశాడు.

సోమవారం పళ్లు పోయాయి. నోరు ముడుచుకుపోయింది, బుగ్గలు లోపలికి పోయాయి. కట్టుడు పళ్లు కొలతకు సరిపోక గూట్లో ఒక గ్లాసులో పడి ఉన్నాయి. ఆరువారాలు మొక్కజొన్న జావ తాగుతూ రికార్డు కోసం ఎదురుచూశాడు. పళ్లు లేవన్న దిగులు కన్నా ఈ ఎదురుచూపే అతన్ని ఎక్కువ నలిపింది.

శనివారం పొద్దున ఓథా క్రంప్ షాపులోకి వెళ్లేసరికి కొత్త రికార్డు వచ్చి ఉంది. "క్లెమ్మీ కొత్తది, కూర్చో" అన్నాడు ఓథా. అలాంజో కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మొదటి చరణం. రెండో చరణం. తర్వాత, ఖంగుమంటూ, షాపంతా మోగేలా వచ్చింది.

"అలాంజో టీగ్! వాయించు నాయనా!"

కత్తెరలు ఆగిపోయాయి. నురగ మొహాలన్నీ అతనివైపు తిరిగాయి. ఓథా నోరు తెరిచాడు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, అలాంజో ఛాతీ ఉబ్బింది. అమ్మ పెట్టిన పేరు, నాన్న ఇచ్చిన పేరు, రెండూ కలిపి.

తర్వాత క్లారినెట్ వచ్చింది. వచ్చిందనడం కూడా ఎక్కువే. ముందు పియానో దబదబలాడుతోంది, దాని వెనక, వీధికి అవతలి ఇంట్లో ఎవరో తలుపు వేసుకుని వాయించుకుంటున్నట్టు సన్నటి కూత ఒకటి. వినాలంటే చెవి రిక్కించాలి. అందరూ రిక్కించారు. అది ఇంకా అవమానంగా ఉంది.

"ఏమయ్యా, పిల్ల అంత ప్రేమగా పిలిస్తే ఎక్కడికి పారిపోయావు?" అన్నాడు ఒకడు.

"సిగ్గేసిందేమో పాపం!"

"పారిపోవడం కాదు, లిఫ్టెక్కి కిందికి దిగిపోయాడు. వీధిలోంచి ఊదాడు."

ఓథాకు జాలి వేసింది. "ప్లేటు తయారీలో ఏదో తేడా వచ్చినట్టుందిలే" అన్నాడు. కుర్చీలో ఉన్న ముసలాయన మాత్రం మెడ తుడుచుకుంటూ తీరిగ్గా, "అందుకే బూన్‌ని పెట్టుకోవాలనేది" అన్నాడు.

రెండోది ఒకటుంది అని చెబుదామనుకున్నాడు అలాంజో. ఎలా చెబుతాడు? ఎక్కడుంది? దానిమీద ఈపాటికి ఇంకెవరి పాటో పడి ఉంటుంది. టోపీ పెట్టుకుని ఇంటికి నడిచాడు. నాలుగు వీధులే కానీ, నలభై వీధులు నడిచినట్టు అనిపించింది.

ఇంట్లో అతని భార్య వైనీ కిటికీ దగ్గర కూర్చుని దీపాల గుడ్డ తొడుగులకు అంచులు కుడుతోంది. ఆమె కూడా పొద్దున్నే వెళ్లి ఫర్నిచర్ షాపులో ఆ రికార్డు కొనుక్కొచ్చింది. అప్పటికే రెండుసార్లు వింది. అతని మొహం చూసి సూది పక్కన పెట్టింది.

"పేరు బాగా వినిపించింది" అంది జాగ్రత్తగా.

"ఊఁ."

"నువ్వే వినిపించలేదు. ఏమైంది?"

అలాంజో మంచంమీద కూలబడి, పళ్లు లేని నోటితో, ఆరువారాలుగా దాచిందంతా చెప్పాడు. కాళ్ల సంగతి, రెండో బిళ్ల సంగతి, చెక్కే యంత్రం సంగతి. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఆ రెండోది ఎట్టా ఉంది?" అని అడిగింది వైనీ.

అతను గొంతుతో అందుకున్నాడు. పెదాలు నిలవడం లేదు, గాలి పోతోంది. అయినా వైనీకి అర్థమైంది. నెమ్మదిగా, మాటల్లాగా. ఆమె చేతిలో తొడుగు అలాగే ఉండిపోయింది. పన్ను కదిలిన చోటు దాకా వచ్చాడు, ఆగిపోయాడు.

"తర్వాత?"

మళ్లీ మొదటినుంచీ అందుకున్నాడు. మళ్లీ అక్కడే ఆగాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. అతను కూడా దాన్ని విన్నది ఒక్కసారే కదా.

"గుర్తు లేదు వైనీ" అన్నాడు. "నాకే గుర్తు లేదు."

వైనీ లేచి వంటగదిలోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు పెద్దగా చేసింది. కోపం వస్తే ఆమెకు అదే పద్ధతి. "పేరు కోసం దాన్ని చెక్కేయించావా!" అంది లోపలినుంచే. "పేరు పెట్టి పిలిచేవాళ్లు లేకనా? ఇరవై ఆరేళ్లుగా రోజుకి యాభైసార్లు పిలుస్తున్నా కదయ్యా నేను! అది వినపడలేదా నీకు?"

అలాంజో గ్రామఫోన్ పక్కకు వెళ్లి, రికార్డు తీసి అట్టలో పెట్టాడు. కింద చీమల బారు అక్షరాలు, 'పియానో, క్లారినెట్‌తో'.

లోపల గరిటె చప్పుడు ఆగింది. జావ గిన్నెలో వడ్డించిన చప్పుడు. తర్వాత వైనీ, కోపం ఇంకా పూర్తిగా పోని గొంతుతో, గట్టిగా, మొత్తం పేరు పెట్టి పిలిచింది.

"అలాంజో టీగ్!"

అతని కాళ్లు రెండడుగులు వెనక్కి వేశాయి. వీపు గోడకు తగిలింది.

గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన వైనీ అది చూసింది. చాలాసేపు చూసింది. గిన్నె బల్లమీద పెట్టి, కుర్చీ ఒకటి లాగింది.

"వెనక్కి కాదయ్యా, ఇటు" అంది. "ఇటు రా."